చిన్నాశ పాడి చూశాక రాజీనామా సంగతి మాట్లాడుకుందాం

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది చిత్తూరు. నాకు 31 ఏళ్లు. లైబ్రరీ సైన్స్‌లో పీజీ (ఎంఎల్ఐఎస్సీ) చేసి, ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో ఆరేళ్లుగా ఔట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్నాను. నాలుగేళ్ల కిందట యూట్యూబ్‌లో ఒక ఇటాలియన్ పాట విని, ఒక్క ముక్క అర్థం కాకుండానే ఏడ్చేశాను. అది పుచ్చీనీ అనే ఇటలీ సంగీతకర్త స్వరపరిచిన ‘లా బొహేమ్’ అనే ఒపేరాలోదని, అంటే కథంతా పాటగా నడిచే సంగీత నాటకంలోదని తర్వాత తెలిసింది. ఆ పిచ్చితో ఆన్‌లైన్‌లో ఇటాలియన్ నేర్చుకున్నాను. రాత్రిళ్లు కూర్చుని నాలుగు అంకాలూ తెలుగులో రాశాను. 142 పేజీలయ్యాయి. ఇద్దరు ప్రచురణకర్తలకు పంపితే ఒకరు జవాబే ఇవ్వలేదు. ఇంకొకరు ‘దీన్ని చదవాలా, పాడాలా?’ అని అడిగారు. ఏం చెప్పాలో తోచలేదు. కాలేజీలో ‘ఒపేరా అంటే ఫోన్లో ఉండే బ్రౌజర్ కదా మేడం’ అని నవ్వుతారు. ఆ టైములో ఏదైనా నోటిఫికేషన్‌కి చదువుకోకూడదా అని మా నాన్న. మా ఆయన ఏమీ అనరు, నాకు అదే ఎక్కువ టెన్షన్. పగలంతా పుస్తకాలకు స్టాంపులు కొట్టి, రాత్రి ఈ పని చేయడం ఇక నా వల్ల కావడం లేదు. ఉద్యోగం మానేసి పూర్తిగా అనువాదం మీదే కూర్చోవాలనుంది. నేను లైబ్రేరియన్నా, అనువాదకురాలినా? మొదటి అంకంలోంచి రెండు పేజీలు జత చేశాను, చూసి చెప్పండి.
— ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకమ్మా. మా చిన్నమ్మాయి నీకంటే రెండేళ్లు పెద్దది. పైగా నువ్వు కొడుతున్న ఆ స్టాంపే నేనూ ముప్పై మూడేళ్లు కొట్టాను. చూపుడు వేలి మీద ఆ ఊదా రంగు మరక నేను రిటైరైన ఆరు నెలలకు గానీ వదల్లేదు.

ముందు అడిగినదానికి జవాబు. మానొద్దు. కనీసం ఇప్పుడు మానొద్దు. తెలుగులో ఒపేరా రాసి నెలనెలా జీతం తెచ్చుకునే చోటు ఎక్కడా లేదు. ముంబైలో 1911 నాటి రాయల్ ఒపేరా హౌస్ ఉంది, బాగుచేసి 2016లో మళ్లీ తెరిచారు. అక్కడైనా, ముంబైలోనే ఉన్న ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలోనైనా ఒపేరా అనేది ఎప్పుడో ఒకసారి వచ్చే పండగే. తెలుగు అనువాదకురాలికి అక్కడ కుర్చీ వేసి పెట్టలేదు. ఇది నిన్ను నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. ఈ పనిలో పేరు మోసినవాళ్ల బతుకులు చూసినా ఇంతే.

లొరెంజో దా పోంతే పేరు నువ్వు వినే ఉంటావు. మోజార్ట్‌కి మూడు ఒపేరాల మాటలు రాసిచ్చినవాడు, 1786లో ‘ఫిగారో’, 1787లో ‘డాన్ జొవాన్నీ’, 1790లో ‘కోసీ ఫాన్ తుత్తే’. అంతటివాడు అప్పులపాలై అమెరికా చేరి పచారీ కొట్టు పెట్టుకున్నాడు. తర్వాత న్యూయార్క్‌లో ఇటాలియన్ పాఠాలు చెప్పాడు, పుస్తకాలు అమ్మాడు. 1825లో కొలంబియా కాలేజీలో ఇటాలియన్ ప్రొఫెసరయ్యాడు. పేరుకి ప్రొఫెసరే గానీ జీతం లేదు, పిల్లలు కట్టే ఫీజే దిక్కు. నీ ఔట్‌సోర్సింగ్ కంటే అన్యాయం! అతని స్నేహితుడు కసనోవా (ఔను, ప్రేమ వ్యవహారాలకు పేరుమోసిన ఆ కసనోవానే) చివరి పదమూడేళ్లు బొహీమియాలో ఒక జమీందారు కోటలో లైబ్రేరియన్. కాఫీ బాగాలేదని, మాకరోనీ సరిగ్గా వండలేదని రోజూ వంటవాళ్లతో తగువే. కానీ వేల పేజీల ఆత్మకథ రాసుకున్నది ఆ కుర్చీలో కూర్చునే. లైబ్రరీ ఉద్యోగం డబ్బులు పెద్దగా ఇవ్వదు. ఒక్కోసారి ఇలాంటివి ఇస్తుంది.

మన లైబ్రరీ సైన్స్‌కి పితామహుడు రంగనాథన్ గారి గురించి నువ్వు సిలబస్‌లో చదివే ఉంటావు గానీ, పరీక్షల్లో అడగని సంగతి ఒకటుంది. 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేరిన కొద్దిరోజులకే ఆయనకు ఆ గదిలో ఊపిరాడలేదు. అంతకుముందు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. క్లాసు సందడికి అలవాటు పడిన మనిషి, ఆ నిశ్శబ్దం భరించలేక నన్ను వెనక్కి తీసుకోండి మహాప్రభో అని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లారు. ‘ముందు లండన్ వెళ్లి ఆ పనేమిటో చూసి రా, వచ్చాక కూడా ఇదే మాట అంటే చూద్దాం’ అన్నారాయన. వెళ్లొచ్చాక రంగనాథన్ గారు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. 1931లో ఐదు సూత్రాల పుస్తకం వచ్చింది. అందులో మూడో సూత్రం నీ టేబుల్ అద్దం కింద కూడా ఉండే ఉంటుంది. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు ఉండాలి.

నీ ఉత్తరంలో నన్ను ఆపింది అక్కడే. 142 పేజీలు రాశావు సరే, ఎవరి కోసం రాశావమ్మా? ఆ ప్రచురణకర్త ‘చదవాలా, పాడాలా’ అని అడిగాడని చిన్నబుచ్చుకున్నావు. నీకు వచ్చిన మాటల్లో పనికొచ్చేది అదొక్కటే. నీ నమూనాలో ఒక లైను చదువుకోవడానికి ఉంది, దాని కింది లైను పాడటానికి ప్రాస కలిపినట్టుంది, మూడోది స్టేజీ మీద చదివే పద్యంలా ఉంది. పొద్దున ఇంట్లో ముగ్గురికీ మూడు టిఫిన్లు చేసిపెట్టినట్టుంది. ఏదీ పూర్తిగా ఉడకలేదు.

చదువుకోవడానికి వేరు, పాడుకోవడానికి వేరు అనడానికి సాక్ష్యం మన పక్కనే ఉంది. 1919లో టాగోర్ మదనపల్లె థియసాఫికల్ కాలేజీలో కొన్నాళ్లున్నారు. ‘జనగణమన’ను ఆయన ఇంగ్లీషులో రాసుకున్నది అక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతం చదువుకున్నావిడ. పాట బాణీకి ఆవిడ నొటేషన్ రాసిపెట్టారు. మరి ఇప్పటికీ మనం పాడేది బెంగాలీ మాటల్నే. ఆ ఇంగ్లీషు పాఠం అర్థం చెప్పడానికి పుట్టింది, అర్థం చెబుతుంది, అక్కడితో దాని పని అయిపోయింది. దాన్ని ఆ బాణీలో ఇరికించాలని టాగోర్ అంతటివారు కూడా అనుకోలేదు.

ఒపేరా అనువాదం మూడు రకాలు. మొదటిది చదువుకునే పాఠం. దాని గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు, అది చేయగలవు. రెండోది తెర మీద వేసే పాఠం. గాయకులు ఇటాలియన్‌లోనే పాడుతుంటే పైన తెర మీద అర్థం వెళ్తుంటుంది. 1983లో టొరంటోలో ‘ఎలెక్ట్రా’ ఒపేరాకి మొదట పెట్టారు. ఒపేరా చూడటానికి భయపడే జనం హాల్లోకి రావడం మొదలైంది దాంతోనే. ఒకసారికి రెండే లైన్లు. మన లిపిలో తలకట్లు, గుడులు పైన, ఒత్తులు కింద, కాబట్టి లైన్ల మధ్య జాగా ఎక్కువ కావాలి. నువ్వు రాసినంత పొడుగు సమాసాలు పెడితే వెనక వరసలోవాళ్లు కూడబలుక్కునే లోపల హీరోయిన్ చచ్చిపోతుంది. నవ్వొచ్చే మాటని ముందే చూపిస్తే గాయకుడు నోరు తెరవకముందే జనం నవ్వేస్తారు, అది ఇంకో తంటా. నీ మొదటి పని ఇదే కావాలని నా అభిప్రాయం. ఎందుకో తర్వాత చెబుతాను.

మూడోది పాడే పాఠం. దీని దగ్గర కాస్త కూర్చుందాం, నీ మనసంతా దీని మీదే ఉందని తెలుస్తూనే ఉంది.

ముందు నా భాగోతం విను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక కాలేజీ వార్షికోత్సవానికి ఒక ఇంగ్లీషు బాణీకి తెలుగు మాటలు రాసివ్వమన్నారు. నెమ్మదిగా సాగే ప్రేమపాట. ‘మరి రావా, మరి రావా’ అని పల్లవి రాసిచ్చాను. కాగితం మీద ఎంత ముద్దుగా ఉందో! బాణీలో మొదటి స్వరమేమో నాలుగు మాత్రల పొడుగు. పాపం ఆ అమ్మాయి ఏం చేస్తుంది, ఉన్నది ఉన్నట్టు సాగదీసింది. ‘మా...రి రావా, మా...రి రావా’ అయింది, మారెమ్మని పిలిచినట్టు. వెనక వరసలోంచి ఎవరో ‘గంగజాతరకి ఇంకా రెండు నెలలుంది తల్లీ’ అన్నారు. తిరుపతిలో ఆ మాటకి నవ్వనివాడు ఎవడుంటాడు? హాలంతా ఒకటే గోల. నేను తెర వెనక స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు తెలిసింది నాకు. తెలుగులో అచ్చుని సాగదీస్తే మాటే మారిపోతుంది. నది కాస్తా నాది అవుతుంది. కల, కాలం వైపు పోతుంది. మన భాష అజంతం, వాళ్ల భాషలో కూడా మాటలు అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి ఇటాలియన్ బాణీలకు తెలుగు అతికినట్టు సరిపోతుందని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. మాట చివర సరిపోతుంది, నిజమే. చిక్కంతా మాట మధ్యలో ఉంది.

దీనికి దారి చూపినవారు మన దక్షిణాదిలోనే ఉన్నారు. ముత్తుస్వామి దీక్షితులు గారు మద్రాసు పక్కన మణలిలో ఉన్నప్పుడు కోటలో తెల్లవాళ్ల బ్యాండు వాయించే బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. నొట్టుస్వరాలంటారు, నలభై దాకా ఉన్నాయి. (ఆయన మొదటి కీర్తన పుట్టిందని చెప్పే తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే. సందర్భం కాకపోయినా చెప్పకుండా ఉండలేను.) బ్రిటిష్ వాళ్ల జాతీయగీతం బాణీకి ఆయన పెట్టిన మాటలు ‘సంతతం పాహిమాం’. ఆ పాట మొదటి లైను ఒకసారి కూనిరాగం తీయి. నాలుగో స్వరం ఒకటిన్నర మాత్ర, దాని తర్వాతది అరమాత్ర, ఆ తర్వాతది ఒక మాత్ర. పా దీర్ఘం, హి హ్రస్వం, మాం మళ్లీ గురువు. చెప్పు కొలిచి కుట్టినట్టు లేదూ? దీక్షితులు గారు బాణీని ముట్టుకోలేదు. దానికి సరిపోయే మాట కోసం వెతికారు. నీ పని కూడా ఇదే.

ఇప్పుడు నీ పేజీలకు వద్దాం. కథానాయకుడు రొదోల్ఫో చీకట్లో కథానాయిక మిమీ చెయ్యి పట్టుకుని పాడే పాట, నిన్ను ఏడిపించింది అదేనని నా అనుమానం. ‘కె జేలిద మనీన’ అని మొదలవుతుంది. ఏడు అక్షరాలు, దాదాపు అన్నీ ఒకే స్వరం మీద, మాట్లాడుతున్నట్టే వస్తాయి. నువ్వేం రాశావు? ‘ఎంతటి శీతలమైన హస్తము’. పదకొండు అక్షరాలు! మిగిలిన నాలుగూ ఎక్కడ పాడాలి, ఇంటికెళ్లి పాడాలా? పైగా ఆ ‘మనీన’ చెయ్యి కూడా కాదు, చిట్టి చెయ్యి. పక్క వాటాలో ఉండే అమ్మాయి చెయ్యి అనుకోకుండా తగిలినప్పుడు ఏ మగపిల్లవాడూ హస్తము అనడు. ‘ఎంత చల్లని చెయ్యి’ అని చూడు. ఏడే అక్షరాలు. చిట్టి అన్న మాట పోయింది, ఒప్పుకుంటాను. దాన్ని తర్వాతి లైన్లో ఎక్కడైనా దొరకబుచ్చుకో.

అదే పాటలో ఇంకాస్త ముందుకెళ్తే గొంతు అందుకోగలిగినంత పైకి వెళ్లే చోటు ఉంది, హై సి అంటారు. ఆ స్వరం ‘స్పెరాంజా’ అనే మాటలో నడిమి అక్షరం మీద పడుతుంది. ఆశ అని అర్థం. పుచ్చీనీకి ఆ మాట రాసిచ్చినవాళ్లు ‘ఆ’ అనే అచ్చుని ఊరికే అక్కడ పెట్టలేదు. అంత పైన నోరు పూర్తిగా తెరుచుకోవాలి. నువ్వు ‘నిరీక్షణ’ అని రాశావు. ‘రీ’ దగ్గర పళ్లు దగ్గరపడతాయి, గొంతు బిగుస్తుంది. ఆ ఎత్తున ‘రీ...’ అని పట్టుకుంటే వినేవాళ్లకు ఆటో హారన్ గుర్తొస్తుంది. మనకి ‘ఆశ’ అనే బంగారంలాంటి మాట ఉండగా ఎందుకమ్మా ఈ తిప్పలు?

తిప్పలెందుకో నాకు తెలుసులే. ఆశకి రెండే అక్షరాలు, అక్కడ మూడు కావాలి, ‘ఆ’ నడిమిన పడాలి. నేను ఒక మధ్యాహ్నమంతా దీని మీదే కూర్చున్నాను. మూడక్షరాల్లో ఏమేం వస్తాయి? నిరాశ. దురాశ. పేరాశ. కొలతకి మూడూ చక్కగా సరిపోతాయి. ప్రేమలో పడ్డవాడు హై సి అందుకుని ‘దురాశ’ అంటే ఎలా ఉంటుందో ఊహించుకో! చివరికి సాయంత్రం కాఫీ పెట్టుకుంటుంటే నోట్లోంచి దానంతటదే వచ్చింది, ‘చిన్నాశ’. చిన్న ఆశ అని విడదీసి రాస్తే నాలుగు, కలిపి నోటితో అంటే మూడు. ‘న్నా’ దగ్గర నోరు ఎంత కావాలంటే అంత తెరుచుకుంటుంది. చిన్నాశ. మన ఊళ్లో మామూలు మనుషులు రోజూ అనే మాటే. ఇటాలియన్‌లో అది తీయని ఆశ, చిన్నది కాదు కదా అని నువ్వు అడగొచ్చు. అడుగు. ఇంతకంటే మంచిది దొరికితే నాదాన్ని కొట్టేయి. కానీ టేబుల్ దగ్గర కూర్చుని కొట్టేయొద్దు. పాడి చూసి కొట్టేయి.

మిమీ తన గురించి చెప్పుకునే చోట ‘నన్ను జనులు మిమీ యని పిలుతురు, నా నామధేయము లూసియా’ అని రాశావు. ఆ అమ్మాయి ఎవరో ఒకసారి గుర్తు చేసుకో. మేడ మీద ఒంటి గదిలో ఉంటూ, బట్టల మీద పూలు కుట్టి బతికే పిల్ల. మన దగ్గరైతే మగ్గం వర్క్ చేస్తుందంటాం. ఇలాంటి అమ్మాయిలు తిరుపతిలో గాంధీ రోడ్డు సందుల్లో బ్లౌజులు ముందేసుకుని ఎంతమంది లేరు? ఆ పిల్ల నోట్లోంచి ‘నామధేయము’ వస్తుందా? ‘అందరూ నన్ను మిమీ అంటారు. ఎందుకో నాకూ తెలీదు.’ అక్కడితో ఆపు. పారిస్‌ని చిత్తూరు చేయమనడం లేదు. క్రిస్మస్ ముందు రోజు రాత్రి, మంచు, మోముస్ అనే కాఫీ హోటలు, అవన్నీ అక్కడే ఉండనీ. నోటి మాట ఒక్కటి మన వీధిలోది అయితే చాలు.

ఇంకో చిన్న సంగతి. ఒపేరాలో పాత్ర ఒక్కటే పాడుకునే పాటని నువ్వు అంతటా ‘ఏరియా’ అని రాశావు. ‘మొదటి ఏరియా, రెండో ఏరియా’ అంటే మా కొర్లగుంట ఏరియా అనుకుంటారు. ఆరియా అని రాయి. అసలు మన మాటే పెట్టుకోవచ్చు. యక్షగానంలో పాత్ర తన మనసులో ఉన్నది పాడుకునేదాన్ని దరువు అంటారు, దరువుకీ దరువుకీ మధ్య కథ నడిపించేదాన్ని సంధివచనం అంటారు. ఇటాలియన్‌లో ఆరియా, రెసితతీవో అని వాళ్లు చేసుకున్న విభజనకి ఇది చాలా దగ్గర. తరిగొండ వెంగమాంబ గారు ఊరికి దూరంగా ఎక్కడో పుట్టలేదు, మన తరిగొండ ఆడపడుచు. తిరుమలకి వెళ్లి అక్కడే ఉండిపోయి, 1817లో కాలం చేసేదాకా రాస్తూనే ఉన్నారు. ఆవిడ యక్షగానాలు నీ లైబ్రరీ బీరువాలో అడుగు అరలో ఉండొచ్చు, దుమ్ము దులిపి చూడు. రంగం మీద పాడే తెలుగు ఎలా నడుస్తుందో డిక్షనరీల్లో దొరకదు.

అన్నమయ్య రేకుల సంగతి దీనికి తలకిందులు. తిరుమలలో సంకీర్తన భాండారం లోంచి బయటికొచ్చిన రాగిరేకుల మీద మాట ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఇక్కడే తిరుపతిలో కూర్చుని ఎన్నో కీర్తనలకు కొత్తగా స్వరం కట్టారు. మాట చూసి బాణీ ఊహించారు. నీ దగ్గర బాణీ పదిలంగా ఉంది, మాట ఊహించాలి. ఇటాలియన్ మాటల పుస్తకం ఒక్కటే పక్కన పెట్టుకుని రాశావని నీ పేజీలు చూస్తేనే తెలుస్తోంది. వోకల్ స్కోర్, అంటే పాడే మాటలూ వాటి స్వరాలూ కలిపి అచ్చేసిన పుస్తకం, లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. ఐఎంఎస్ఎల్‌పీ అనే సైటులో ‘బొహేమ్’ స్కోరు ఉచితంగా దొరుకుతుంది. స్టాఫ్ నొటేషన్, అదే ఆ పాశ్చాత్య స్వరలిపి, చదవడం రాదంటావా? చిత్తూరులో చర్చి క్వయర్లకు కొదవా? కీబోర్డు వాయించే పిల్లవాణ్ని ఎవరినైనా పట్టుకో. నెల రోజులు, వారానికి రెండు సాయంత్రాలు చాలు. నీకు గాయని కూడా అక్కడే దొరకొచ్చు.

హక్కుల గురించి నువ్వు అడగలేదు గానీ, లైబ్రేరియన్‌వి కాబట్టి అడిగి ఉండాల్సింది. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. ‘బొహేమ్’ మాటలు రాసిన జకోజా 1906లో, ఇల్లికా 1919లో పోయారు. పుచ్చీనీ 1924లో. కాబట్టి ఇటాలియన్ నుంచి చేస్తే ఎవరినీ అడగక్కర్లేదు. ఈమధ్య వచ్చిన ఇంగ్లీషు అనువాదం దగ్గర పెట్టుకుని దాంట్లోంచి చేస్తే మాత్రం ఆ అనువాదకుణ్ని అడగాలి. నీ రెండో పేజీలో రెండు చోట్ల ఇంగ్లీషు వాసన తగిలింది నాకు. అవి ఏవో నీకే తెలుసు.

ఇప్పుడు, తెర పాఠం ముందు చేయమని ఎందుకన్నానో చెబుతాను. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు వస్తాయి. ప్రతి ఏడాదీ మనం ఏం చేస్తాం? నెహ్రూ ఫొటోకి దండ, పుస్తక ప్రదర్శన, వ్యాసరచన పోటీ. ఈసారి ఒక సాయంత్రం సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ అడుగు. మొదటి అంకం చివరి పావుగంట, నాలుగో అంకం చివరి పావుగంట వినిపించు, తెర మీద నీ తెలుగు రెండేసి లైన్లు వెయ్యి. వచ్చి 60 ఏళ్లు దాటిన రికార్డింగుకి మన దేశంలో హక్కుల బాధ ఉండదు. తొస్కనీనీ చేసినది వెతుకు. 1896 ఫిబ్రవరి 1న తూరిన్‌లో ఈ ఒపేరా మొదటిసారి వేసినప్పుడు ఆర్కెస్ట్రా నడిపించినవాడు ఆయనే. సరిగ్గా 50 ఏళ్లకి, 1946లో, న్యూయార్క్ రేడియోలో మళ్లీ నడిపించాడు. ఆ రికార్డింగే ఇది.

ముప్పై మంది పిల్లలు వస్తారనుకో. పదిమంది మధ్యలో లేచిపోతారు, ఐదుగురు ఫోన్ చూసుకుంటారు. మిగిలిన పదిహేను మందిలో ఒక్కళ్లు నీ కౌంటర్ దగ్గరికొచ్చి ‘మేడం, ఆ కథ చదవడానికి ఉందా’ అని అడుగుతారు. నీ 142 పేజీల పాఠకురాలు ఆ పిల్లే. అప్పటిదాకా ఏ ప్రచురణకర్తకీ పంపకు. ఆ పిల్ల చదివి ఎక్కడ ఆగిందో చూసుకుని మళ్లీ రాయి.

అంతకంటే ముందు ఇంకొకరున్నారు. ‘మా ఆయన ఏమీ అనరు’ అన్నావు. ఎప్పుడైనా వినిపించావా? నీ ఉత్తరంలో ఆ మాట లేదు. నాలుగో అంకంలో రొదోల్ఫో స్నేహితుడు కొలీన్ తన పాత కోటుని తాకట్టుకి తీసుకెళ్తూ దానికి వీడ్కోలు చెప్పే పాట ఉంది కదా, ఆ జేబుల్లో ఎంతమంది తత్వవేత్తలు, కవులు కాపురం ఉండి వెళ్లారో అని. చిన్న పాట. రాత్రి అన్నాలయ్యాక అది చదివి వినిపించు. ఆయన ఎక్కడ ఫోన్ వైపు చూశారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో. గొడవ పడకు, గీత పెట్టుకో అంతే.

మీ నాన్నగారి మాటని కూడా పూర్తిగా తీసెయ్యకు. ఔట్‌సోర్సింగ్ అంటే ఏ జూన్‌లో ఏమవుతుందో చెప్పలేం. లైబ్రరీ సైన్స్‌లో యూజీసీ నెట్ పరీక్ష రాసి పెట్టుకో, చదివిందే కదా. ఈ ఏడాదికి వారంలో మూడు రాత్రులు దానికి, రెండు రాత్రులు బొహేమ్‌కి, మిగిలిన రెండు రాత్రులు నిద్రకి. నవ్వకు, నిద్ర అని రాయకపోతే నువ్వు పోవు. ఒళ్లు అలిసిన చోట ఉద్యోగం మానాలనిపిస్తుంది. అది అలసట పని, ఒపేరాది కాదు.

లైబ్రేరియన్నా, అనువాదకురాలినా అన్నావు. నీ రాతప్రతికి ఒకసారి కాల్ నంబర్, అంటే ఏ అరలో పెట్టాలో చెప్పే అంకె, వేసి చూడు. ఒపేరా కాబట్టి 782.1 అంటావా, తెలుగు నాటకం కాబట్టి 894.8272 అంటావా? ఏదో ఒక అర మీదే పెట్టగలవు, పుస్తకం ఒక్కటే కాబట్టి. కానీ కేటలాగులో యాడెడ్ ఎంట్రీలు ఎన్ని వేసినా ఎవరూ కాదనరు. రచయిత పేరుతో ఒకటి, అనువాదకురాలి పేరుతో ఒకటి, విషయంతో ఒకటి. మా రోజుల్లో ఒక్కో పుస్తకానికి ఐదారు కార్డులు చేత్తో రాసేవాళ్లం. మనిషి అన్నాక ఆ మాత్రం కార్డులు ఉండవా?

ఒక్కటి మాత్రం మర్చిపోకుండా ఇప్పుడే చెప్పేస్తాను. మొదటి అంకం మొదట్లోనే రొదోల్ఫో చలి కాచుకోవడానికి తను రాసిన నాటకాన్ని అంకాల వారీగా పొయ్యిలో వేస్తాడు, పక్కనున్నవాళ్లు జోకులేస్తుంటారు. నీ పేజీల్లో ఆ చోటు ఉన్నట్టుండి గంభీరంగా మారిపోయింది, కన్నీళ్ల దాకా వెళ్లావు. అక్కడ అనువాదకురాలు లేచి వెళ్లిపోయి లైబ్రేరియన్ వచ్చి కూర్చుంది. నాకు అర్థమైంది. చెదపట్టిన నాలుగు వందల పుస్తకాలు రైటాఫ్ చేసి తూకానికి వేసిన రోజు నేనూ అన్నం తినలేదు. కానీ వాళ్లు అక్కడ నవ్వుతున్నారమ్మా, కుర్రాళ్లు. నవ్వనీ.

రెండో శనివారం చిత్తూరు నుంచి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి వచ్చేస్తావు. చంద్రగిరి కోట దాటేదాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని ‘చిన్నాశ’ ఎత్తుకుని చూడు, పక్కవాళ్లు ఏమనుకుంటే అనుకోనీ. మా ఇంట్లో మా అత్తగారి నాటి హార్మోనియం ఉంది. పై స్థాయిలో ఒక రీడు ఎలుక కొరికి మూగపోయింది. రెండు మెట్లు కిందికి దించి పాడుకుందాం.